మూడు నెలలు టైమివ్వు చెల్లెమ్మా

ప్రశ్న: అక్కా, మాది తిరుపతి, కొర్లగుంట. గాంధీరోడ్డులో ఒక చీరల అంగట్లో పని చేస్తా ఉండాను. పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా నిలబడే ఉద్యోగం. బాత్రూం మూడో అంతస్తులో గోడౌన్ పక్కన ఒకటే ఉండాది. పెళ్లిళ్ల సీజన్లో ప్యాడ్ మార్చుకునేదానికి కూడా తీరదు. తొడలు ఒరుసుకుపోయి మాపటికి నడవలేను. మాతో పనిచేసే కేరళ అమ్మాయి చెప్తే ఆన్‌లైన్లో 350 రూపాయలు పెట్టి నెలసరి కప్పు, అదే ప్యాడ్ బదులు లోపల పెట్టుకునే సిలికాన్ కప్పు, తెప్పించుకున్నా. మొదటి నెల లోపలికే పోలేదు. రెండో నెల పోయింది గానీ మధ్యాహ్నానికే లంగాకు మరక. రాత్రి తీయబోతే రాలేదు. 20 నిమిషాలు బాత్రూంలో కూర్చుని ఏడ్చినా. లోపలే ఉండిపోతే కోసి తీస్తారేమో అని భయమేసింది. ఎట్నో వచ్చింది. అప్పట్నుంచి దాన్ని ముట్టుకోలేదు. ఇంకో కష్టం, మా అత్త ఆ మూడు రోజులు వంటింట్లోకి రానీయదు. కప్పును ఉడకబెట్టాలంట గదా, యాడ ఉడకబెట్టేది? మా ఆడబిడ్డకు 19 ఏళ్లు, పెళ్లి కాలేదు. తనూ వాడొచ్చా అని అడగతా ఉంది. నాకు 28, ఒక పాప, నార్మల్ డెలివరీ.
– ఒక పాఠకురాలు

జవాబు: అక్కా అన్నావు గనక నువ్వు అనే రాస్తా. ముందు ఆ 20 నిమిషాల సంగతి తేల్చుకుందాం. ఆ భయం పోతేగానీ మిగతావి చెవికెక్కవు.

కప్పు లోపల ఎక్కడికీ పోదు. పోయేదానికి దోవే లేదు. యోని మార్గం ఒక చివర మూసిన సంచి లాంటిది. ఆ మూసిన చివర గర్భసంచి మూతి ఉంటుంది. దానికుండే రంధ్రం నెత్తురు సన్నగా దిగేంతే. కాన్పప్పుడు తప్ప అది పెద్దగా తెరుచుకోదు. లోతు కూడా మనం ఊహించుకునేంత ఏమీ కాదు, మధ్యవేలి పొడవు, లేదంటే ఇంకొంచెం. కప్పు పైకి జరిగినా ఆ మూతి దగ్గర ఆగాల్సిందే. కడుపులోకి పోయిందనే కథలు చెప్పేవాళ్లను నమ్మొద్దు.

మరి ఎందుకు రాలేదు? కప్పు అడుగున ఉండే కాడ పట్టుకుని లాగింటావు. మొదట్లో అందరం చేసే పనే అది. స్టీలు గ్లాసులు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుంటే ఏం చేస్తాం? పైదాన్ని ఎంత లాగినా రాదు. కొంచెం పక్కకు వంచి గాలి దూరనిస్తే టక్కున వచ్చేస్తుంది. కప్పుదీ అదే లెక్క. దాని అంచు లోపలి గోడలకు ఆనుకుని గాలి పట్టు పడుతుంది. ఆ పట్టు విడిపించకుండా లాగితే నొప్పే మిగుల్తుంది. పైగా భయపడేకొద్దీ అక్కడి కండరాలు బిగుసుకుంటాయి. అవి బిగిసేకొద్దీ కప్పు ఇంకా పైకి పోతుంది. నీ 20 నిమిషాలు అట్లా గడిచినాయి.

ఈసారి గొంతుక్కూర్చో. ఇందుకు మన ఇండియన్ బాత్రూం ఒక వరం, కమోడ్ వాళ్లకే కష్టం. ఊపిరి రెండు మూడుసార్లు మెల్లిగా వదులు. తర్వాత విరేచనానికి ముక్కినట్టు కొంచెం కిందికి నెట్టు. కప్పు దానంతటదే దిగుతుంది. ఇప్పుడు కాడ వెంబడి బొటనవేలు, చూపుడువేలు పైకి పోనియ్యి. కాడ దోవ చూపేదానికే, లాగేదానికి కాదు. కప్పు అడుగు లావుగా, గీతలు గీతలుగా తగుల్తుంది. అక్కడ గట్టిగా నొక్కు. గాలి పోయిన చప్పుడు సన్నగా వినిపించొచ్చు, అది మంచి శకునం. నొక్కిన పట్టు వదలకుండా అటొకసారి ఇటొకసారి కదుపుతూ దించు. ఒక పక్క అంచు ముందు రావాలి, రెండో పక్క తర్వాత. బయటికొచ్చేటప్పుడు నిలువుగా పట్టుకో, లేకుంటే చెయ్యంతా అవుతుంది. అయినా ఏం పోలేదులే, మన నెత్తురే గదా.

అప్పటికీ రాకపోతే వదిలెయ్. లేచి నాలుగడుగులు నడువు, పాపతో కాసేపు ఆడుకో, అరగంట తర్వాత మళ్లీ చూడు. వేడినీళ్లు పోసుకుంటే ఒళ్లు వదులై ఇంకా సులువవుతుంది. ఎంతకీ రాలేదంటే ప్రసూతి ఆసుపత్రికో, తెలిసిన లేడీ డాక్టరు దగ్గరికో పో. వాళ్లు చేత్తోనే తీసేస్తారు. కత్తితో పని లేదు. సిగ్గుపడాల్సిందీ లేదు, వాళ్లు రోజూ చూసేది అదే.

ఇక మొదటి నెల లోపలికే పోలేదన్నావే, ఆ సంగతి. ఒక మాట అడుగుతా, ఏమనుకోకు. కప్పు పెట్టుకునే ముందు ఎప్పుడైనా నీ వేలితో నువ్వు లోపల చూసుకున్నావా? చాలామంది చూసుకుని ఉండరు. బిడ్డను కన్నాం, ఆసుపత్రిలో ఎవరెవరో చేతులు పెట్టి చూసినారు, మనం మాత్రం ఒక్కసారీ చూసుకోలేదు. నాకిది 38వ ఏట గుర్తొచ్చి నవ్వొచ్చింది, కొంచెం బాధా వేసింది.

కాబట్టి కప్పు డబ్బాలోనే పెట్టి, ముందు వేలితో మొదలుపెట్టు. గోళ్లు కత్తిరించుకో, చేతులు సబ్బుతో కడుక్కో. డేట్ వచ్చిన రోజే చూడు, అప్పుడు తడిగా ఉంటుంది గనక సులువు. వేలు నిటారుగా పైకి పోదు, వెనక్కి, నడుము కింద తోకెముక వైపు వాలుగా పోతుంది. మొదటి నెల నువ్వు కప్పును నెత్తి వైపు తోసుంటావు, అది గోడకు తగిలి ఆగిపోయింటుంది. లోపలికి పోయేకొద్దీ మెత్తమెత్తగా ఉంటుంది, చివర్లో ఒకటి గట్టిగా, గుండ్రంగా, నడిమధ్య చిన్న గుంటతో తగుల్తుంది. నీ ముక్కు కొన ముట్టుకుని చూడు, అచ్చం అట్లే. అదే గర్భసంచి మూతి. వేలు రెండో కణుపు లోపే తగిలిందంటే నీది కిందికి ఉన్నట్టు, పొట్టి కప్పు కావాలి, కాడ పొడుచుకుంటా ఉంటే కొంచెం కత్తిరించుకోవచ్చు. వేలు మొత్తం పెట్టినా అందలేదంటే పైకి ఉన్నట్టు, కాడ జోలికి పోవద్దు. ఈ రెండు నిమిషాల పనికి డబ్బాలో వచ్చిన కాగితం కంటే ఎక్కువ విలువ ఉంది.

మడతల్లో రెండు తెలిస్తే చాలు. కప్పును చప్పిడిగా నొక్కి మధ్యకు మడిస్తే ‘సి’ అక్షరంలా అవుతుంది. చాలామంది దీంతో మొదలుపెడతారు గానీ దీని కొన లావు. రెండోది, అంచును ఒక పక్క వేలితో కప్పు లోపలికి నొక్కి పట్టుకోవడం. అప్పుడు కొన విచ్చుకోని మల్లెమొగ్గలా సన్నగా అవుతుంది. దీన్ని పంచ్‌డౌన్ మడత అంటారు. నీకు నేను చెప్పేది ఇదే. మంచినీళ్లతో తడిపి పెట్టు. నూనె, వ్యాజిలైన్ వద్దు, సిలికాన్‌కు అవి మంచివి కావు.

ఎప్పుడు నేర్చుకుంటున్నావన్నది కూడా ముఖ్యమే. పొద్దున పాప టిఫిన్ బాక్సు ఒకపక్క, అంగడికి టైమైపోతోందని ఒకపక్క, అట్లాంటప్పుడు బాత్రూంలో దూరి పెట్టుకుంటే అది విచ్చుకోదు, నువ్వూ నిలకడగా ఉండవు. వారం సెలవు రోజు డేట్ ఉండే నెల చూసుకో. ఇంట్లోనే ఉండి ఒకే రోజు నాలుగుసార్లు తీసి పెట్టుకుంటే చెయ్యి తిరుగుతుంది. నేనూ ఆ తప్పు చేసినదాన్నే. మొదటి నెలే గొప్పకు పోయి, ప్యాడ్ కూడా లేకుండా చిత్తూరులో తిరుపతి బస్సెక్కినా. పూతలపట్టు దాటేలోపే తెలిసిపోయింది. చంద్రగిరి వచ్చేదాకా సీట్లో ఒక పక్కకు ఒరిగి కూర్చున్నా. పక్కన కూర్చున్న పెద్దామె నడుంనొప్పా అమ్మా అని అడిగింది. అవును అవ్వా అన్నా.

అందుకే మొదటి మూడు నెలలు కప్పుతో పాటు పలచటి ప్యాడో, బట్టో తప్పనిసరి. మూడు నెలలన్నది నా లెక్క ఒక్కటే కాదు. 2019లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ అనే వైద్య పత్రికలో 43 అధ్యయనాలను, దాదాపు 3,300 మంది ఆడవాళ్ల అనుభవాలను ఒకచోట చేర్చి చూసినారు. చెయ్యి కుదిరేదానికి కొన్ని నెలలు పట్టిందని, అలవాటైనాక సుమారు 70 శాతం మంది ఇంక ఇదే వాడతామన్నారని అందులో తేలింది. కారడం కూడా ప్యాడ్ల కంటే ఎక్కువేమీ లేదు. నువ్వు రెండో నెలకే డబ్బా మూసేసినావు, సైకిలు నేర్చుకుంటూ వీధి మలుపు దగ్గరే దిగేసినట్టు.

మరక ఎందుకైందో నీ ఉత్తరం చూసి కచ్చితంగా చెప్పలేను గానీ, సాధారణంగా జరిగేది ఇది. కప్పు లోపల మడత విప్పుకోలేదు. పెట్టినాక వేలితో కప్పు అడుగు చుట్టూ ఒకసారి తడుము. గుండ్రంగా ఉంటే విచ్చుకున్నట్టు. ఎక్కడైనా సొట్ట తగిలితే అడుగు పట్టుకుని కొంచెం తిప్పు, లేదా సగం బయటికి తీసి మళ్లీ పంపు. విచ్చుకున్నా కారుతోందంటే గర్భసంచి మూతి కప్పు లోపలికి కాకుండా పక్కకు పడిందేమో చూసుకో. ఆ ముక్కు కొన కప్పు నోట్లో ఉండాలి, గోడకూ కప్పుకూ మధ్య ఇరుక్కోకూడదు. ఇదీ సరిగ్గానే ఉందంటే సైజు. కాన్పయినవాళ్లకు పెద్దది అని కంపెనీలు రాస్తాయి. అదేం శాసనం కాదు గానీ, నువ్వు తెప్పించింది అన్నిటికంటే చిన్నదైతే ఒకసారి ఆలోచించు. పెట్టుకున్న కొత్తలో రెండు చుక్కలు పడితే మాత్రం కంగారొద్దు, దారిలో ముందే ఉన్న తడి దిగుతుందంతే. ఒంటేలు సన్నగా, ఆగి ఆగి వస్తున్నా, కింద బరువుగా ఉన్నా కప్పు ముందుకు నొక్కుతోందని అర్థం. కొంచెం జరుపు, లేదా మెత్తటి రకం చూసుకో.

ఇక అంగడి. కప్పును ఒక దఫా 12 గంటలకు మించి ఉంచకూడదు. పొద్దున 9కి పెట్టుకుంటే రాత్రి 9 లోపు తీసెయ్యాలి. కొర్లగుంట నుంచి గాంధీరోడ్డు ఎంత దూరమని, నీకు సరిగ్గా సరిపోతుంది. మూడో అంతస్తు మెట్లెక్కే పని తప్పుతుంది. ఎక్కువయ్యే రోజు, చాలామందికి అది రెండో రోజు, మధ్యలో ఒకసారి ఒంపక తప్పదు. నీళ్ల సీసా ఒకటి చేత్తో పట్టుకుని పో. చేతులు ముందే సబ్బుతో కడుక్కుని లోపలికి పోవాలి, తర్వాత కడుక్కుంటే లాభం లేదు. లెట్రిన్ బేసిన్‌లోకి ఒంపి, సీసా నీళ్లతో కడిగి, మళ్లీ పెట్టుకో. నీళ్లు లేకుంటే టిష్యూతో తుడిచినా ఆ పూటకు చాలు. అంగట్లో ఇది చేసే ధైర్యం వచ్చేదాకా ఆ ఒక్క రోజు ప్యాడే వాడుకో, తప్పేముంది. తొడల ఒరుపిడి మిగతా రోజులన్నా తప్పుతుంది.

నాకు కప్పులో నచ్చింది ఇంకొకటుంది. ప్యాడ్ మీద ఎంత పోయిందో తెలియదు, ఎప్పుడు చూసినా చాలా పోయినట్టే ఉంటుంది. కప్పు లోపల గీతలుంటాయి, మామూలుగా 20 నుంచి 30 మిల్లీలీటర్లు పడుతుంది. డేట్ మొత్తానికి సగటున పోయేది 30–40 మిల్లీలీటర్లే, రెండు మూడు టేబుల్ స్పూన్లు. 80 దాటిందంటే మాత్రం ఎక్కువ కిందే లెక్క. ఒంపేటప్పుడు ఫోన్లో రాసి పెట్టుకో. రెండు మూడు నెలలు వరసగా 80 దాటుతా ఉంటే ఆ లెక్క తీసుకుపోయి డాక్టరుకు చూపించు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ప్రతి 10 మంది ఆడవాళ్లలో దాదాపు ఆరుగురికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. నిలబడి నిలబడి నీరసం అనుకుంటాం గానీ, నెలనెలా పోయే నెత్తురు కూడా కారణం కావచ్చు.

వంటిల్లు సంగతి చదివి మొదట నాకు కోపమొచ్చింది. తర్వాత కూర్చుని లెక్కేస్తే నవ్వొచ్చింది. ఎందుకంటే ఆ మూడు రోజులూ కప్పును ఉడకబెట్టాల్సిన పనే లేదు! తీసినప్పుడల్లా మంచినీళ్లతో, వాసన లేని సబ్బు కొంచెం వేసి కడిగితే చాలు. మరిగించాల్సింది డేట్ మొదలయ్యే ముందు ఒకసారి, అయిపోయినాక ఒకసారి. అంటే నువ్వు ఇంట్లో ఉన్న రోజుల్లోనే. తలకు పోసుకుని వంటింట్లోకి పోయినాక తీరిగ్గా చేసుకోవచ్చు. మీ అత్త నియమానికీ నీ కప్పుకూ తగువే లేదు. ఆ నియమం మీద నాకున్న మాట వేరే ఉత్తరానికి దాచుకుంటా.

గిన్నె మాత్రం విడిగా ఒకటి పెట్టుకో. వంట గిన్నెలో వేస్తే ఇంట్లో రభస ఖాయం. స్టవ్ దగ్గరే గొడవనుకుంటే చిన్న కరెంటు కెటిల్ ఒకటి నీ గదిలో పెట్టుకుని, ఆ పనికే కేటాయించు. కెటిల్ పొంగగానే ఆగిపోతుంది గనక మళ్లీ మళ్లీ నొక్కుతూ ఉండాలి. నీళ్లు మరగడం మొదలైనాక ఐదు నిమిషాలు చాలు. బోరు నీళ్లయితే తెల్లగా పొర కడుతుంది, క్యాన్ నీళ్లు వాడు.

ఇక్కడ నా మొదటి కప్పు కథ చెప్పాలి. చిన్న గిన్నెలో పెట్టి స్టవ్ మీదుంచి, పాలతను పిలిస్తే బయటికి పోయినా. లెక్కలో పది రూపాయలు తేడా వచ్చి మాటలు పెరిగినాయి. ఏదో కాలిన రబ్బరు వాసన వస్తే, ఎవరింట్లోనో టైరు కాలుస్తా ఉన్నారనుకున్నా. వచ్చి చూసేసరికి గిన్నెలో చుక్క నీళ్లు లేవు. కప్పు ఒక పక్కకు ఒరిగి, అడుగుకు అతుక్కుని, అంచు గోధుమరంగుకు మాడి ఉంది. గరిటెతో గీకితే సగం వచ్చింది, సగం గిన్నెకే ఉండిపోయింది. పాలతనితో పది రూపాయల కోసం పోట్లాడి 400 పోగొట్టుకున్నా. ఆ తర్వాత పాత టీ వడకట్టులో కప్పును పెట్టి, దాన్ని నీళ్లలో ముంచి మరిగిస్తా ఉన్నా. అడుగు తగలదు, మాడదు. ఆరినాక దాంతో పాటొచ్చిన గుడ్డ సంచిలో వెయ్యి. ప్లాస్టిక్ డబ్బాలో మూత బిగించి పెడితే తేమకు వాసన పడుతుంది. అట్లా చూసుకుంటే మంచి సిలికాన్ కప్పు పదేళ్ల దాకా వస్తుంది. జిగురుగా అయినా, చీలిక కనిపించినా పడెయ్.

మీ అత్త ఇదేం కొత్త ఫ్యాషనో అంటే, 1937లోనే అమెరికాలో లియోనా చామర్స్ అనే నటి రబ్బరు కప్పుకు పేటెంటు తీసుకుందని చెప్పు. మీ అత్త కంటే పెద్దది ఈ వస్తువు. మీ కేరళ అమ్మాయి చెప్పడం కూడా ఊరికే కాదు. ఎర్నాకుళం జిల్లాలో కుంబళంగి అనే ఊళ్లో వేల కప్పులు పంచి, వాడడం నేర్పించి, 2022 జనవరిలో దాన్ని శానిటరీ న్యాప్‌కిన్లు లేని ఊరని ప్రకటించినారు.

కొందరు మాత్రం ఆగాలి. కాపర్‌టీ ఉంటే దాన్ని వేసిన డాక్టరును అడక్కుండా కప్పు పెట్టుకోవద్దు. కప్పు తీసేటప్పుడు దాని దారం కూడా వచ్చి కాపర్‌టీ జారిపోవచ్చు. నీకు ఉందో లేదో రాయలేదు. కాన్పయిన కొత్తలో, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు, గర్భసంచి కిందికి జారినవాళ్లు కూడా డాక్టరు మాట విన్నాకే. టాక్సిక్ షాక్ అని, బ్యాక్టీరియా విషంతో వచ్చే ప్రమాదకరమైన జబ్బు ఒకటుంది, కప్పుతో అది రావడం చాలా అరుదు. అయినా కప్పు పెట్టుకున్నప్పుడు ఉన్నట్టుండి తీవ్రంగా జ్వరం, వాంతులు, కళ్లు తిరగడం, ఎండకు కమిలినట్టు ఒంటి మీద ఎర్రదనం వస్తే, వెంటనే కప్పు తీసేసి ఆసుపత్రికి పో. కప్పు వాడుతున్నానని అక్కడ చెప్పు.

మీ ఆడబిడ్డ వాడొచ్చు. పెళ్లికీ కప్పుకూ సంబంధం లేదు. ఇంట్లోవాళ్ల భయం కన్నెపొర గురించి గదా. అది యోనిని మూసిన మూత కాదు. మూతైతే నెలనెలా నెత్తురు ఎట్లా వస్తుంది? అంచున ఉండే సాగే పొర, ఒక్కొక్కరికి ఒక్కో తీరుగా ఉంటుంది. కప్పుతో సాగొచ్చు, కొంచెం చిరగనూవచ్చు, అది అబద్ధం చెప్పను. కానీ దాన్ని చూసి ఒక అమ్మాయి గురించి ఏదీ తేల్చలేరు. అత్యాచారం కేసుల్లో, అమ్మాయికి ముందే సంబంధాలున్నాయా అని లోపల వేళ్లు పెట్టి చూస్తూ వచ్చిన రెండు వేళ్ల పరీక్షకు శాస్త్రీయ ఆధారం లేదని 2022 అక్టోబర్ 31న సుప్రీంకోర్టు చెప్పి, చేసేవాళ్లను తప్పు చేసినవాళ్లుగా చూడమంది.

ఇదంతా ఆ పిల్లకు చెప్పు. నిర్ణయం మాత్రం తనదే కావాలి. నువ్వు తొందరపెట్టొద్దు, మీ అత్త కోసం ఆపనూ వద్దు. తనకు చిన్న సైజు, మెత్తటిది సరిపోతుంది. వేలితో చూసుకోవడం దగ్గర్నుంచే మొదలుపెట్టమను, నొప్పిగా ఉంటే ఆపేసి వచ్చే నెలకు వాయిదా వేసుకోమను. ఇంకొకటి, వదినా నీది ఒకసారి ఇస్తావా, పెట్టి చూస్తా అంటుంది. ఆ వయసు పిల్లలు లిప్‌స్టిక్ అడిగినట్టే అడుగుతారు. ఇవ్వొద్దు. ఎంత మరిగించినా ఎవరి కప్పు వాళ్లదే.